నామినీ పాట

మా ఆఫీసులో ఇద్దరు పాడేవాళ్ళు. ఒకాయనది గోదావరి జిల్లా. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ నలగని చొక్కాతో హార్మోనియం ముందు కూర్చుంటే ఏదో పెద్ద కచేరీకి వచ్చామనిపించేది. రెండో ఆయనది కోకాపేట పక్క ఊరు. అక్కడ అద్దాల టవర్లు లేవకముందు వాళ్ళ తాతకు జొన్నచేను ఉండేదట. బొద్దుగా ఉండేవాడు. డోలక్ ఒళ్ళో పెట్టుకుని, ఎవరో బలవంతాన తెచ్చి కూర్చోబెట్టినట్టు మొహం పెట్టేవాడు. మొదటాయన డేటాబేస్ టీములో, రెండో ఆయన టెస్టింగ్‌లో పనిచేసేవాళ్ళు. ఆఫీసులో ఎవరూ వాళ్ళను పేర్లతో పిలిచేవాళ్ళు కాదు. ఒకరు హార్మోనియం, ఒకరు డోలక్. నేనూ అలాగే రాస్తాను.

వాళ్ళ పద్ధతి ఎప్పుడూ ఒక్కటే. హార్మోనియం నాటకాల్లో పద్యం ఎత్తుకున్నట్టు ఎత్తుకునేవాడు. అందులో ఛందస్సు ఏమీ ఉండదు గానీ రాగం మాత్రం నిజం. చివరి అక్షరాన్ని పట్టుకుని పైకి ఎక్కించి, దించి, మళ్ళీ ఎక్కించి, వినేవాళ్ళు ఊపిరి బిగబట్టేదాకా లాగేవాడు. అది నెమ్మదిగా వచ్చి నేల మీద వాలగానే డోలక్, టీ తాగుతూ పక్కవాడితో అన్నట్టు, మామూలుగా ఒక్క ముక్క అనేవాడు. ఆ తరవాత డోలక్ మీద ఒక్క దెబ్బ. హాలంతా విరగబడి నవ్వేది. వాళ్ళిద్దరూ మాత్రం నవ్వేవాళ్ళు కాదు. ఒకరినొకరు చూసుకునేవాళ్ళు కూడా కాదు.

ఆ తరవాత మా కంపెనీ బయటి నుంచి పేరున్న హాస్యగాళ్ళను చాలామందిని పిలిపించింది. వాళ్ళు చెప్పినదాంట్లో నాకు ఒక్క మాటా గుర్తు లేదు. వీళ్ళ పాటలు మాత్రం ఉద్యోగాలు మారి, ఊళ్ళు మారి, పిల్లలు పెద్దవాళ్ళైనవాళ్ళు కూడా ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా చెబుతారు. ఒకరి ‘అండి’కీ ఇంకొకరి ‘ఏంది’కీ జత కుదిరిందని కొందరంటారు. అదీ నిజమే. కానీ అసలు సంగతి వేరు. మనవాళ్ళలో ఎవరి గురించో ఎవరికీ తెలియకూడని ముక్క ఏదో ఒకటి వాళ్ళకు తెలిసి ఉండేది. దాన్ని మైకులో వింటే మిగిలిన మూడు వందల మందికీ ఒళ్ళు జలదరించేంత సంతోషం కలిగేది. ఆ ముక్కలు వాళ్ళకు అందించింది నేను.

నేను హెచ్ఆర్‌లో కాగితాలు చూసే ఉద్యోగంలో ఉండేదాన్ని. ఎవరు ఎందుకు సెలవు పెట్టారు, ఎవరు ఏ ఆసుపత్రి బిల్లు పెట్టుకున్నారు, ఎవరు అడ్రసు మార్చుకున్నారు, ఎవరు పెళ్ళయినవారి గడిలో టిక్కు కొట్టేసి ఒంటరి గడిలో పెట్టమన్నారు, అన్నీ నా బల్ల మీదుగానే వెళ్ళేవి. మాది ఏలూరు దగ్గర. కొండాపూర్‌లో ఇద్దరం అమ్మాయిలం కలిసి ఫ్లాటు అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళం. నాకు ఏ కళా రాదు. పాడలేను, ఆడలేను, నలుగురిలో నిలబడి మాట్లాడలేను. మధ్యాహ్నం కెఫెటేరియాలో వాళ్ళిద్దరి బల్ల దగ్గర నాకో కుర్చీ దొరకడం నాకు చాలా పెద్ద విషయంగా ఉండేది. ఆ కుర్చీలో ఊరికే కూర్చోకూడదని, వెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒకటి పట్టుకుని వెళ్ళేదాన్ని.

మొదటిది మా డెలివరీ హెడ్ గారి తల సంగతి. ఆయన వారం రోజులు చర్మానికి ఏదో ఇబ్బంది అని సెలవు పెట్టాడు. బిల్లు చూస్తే అది జుట్టు నాటించుకున్న క్లినిక్‌ది. తినే అన్నం పక్కన పెట్టి మరీ చెప్పాను. హార్మోనియం కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించి, “వరినాట్లండీ, వరినాట్లు!” అన్నాడు. ఆ శుక్రవారం సాయంత్రమే పాడేశారు.

“ముందు మడిలో నాట్లు వేసిరి, ముహూర్తము చూసి వేసిరి...” అని ఆయన రాగం తీశాడు.

“బోరు ఎండింది” అన్నాడు డోలక్.

డెలివరీ హెడ్ గారు మూడో వరుసలో ఉన్నాడు. నవ్వకపోతే తన గురించేనని ఒప్పుకున్నట్టవుతుంది కాబట్టి ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వును నేను వెనక నుంచి చూశాను. చెవులు ఎర్రబడ్డాయి, భుజాలు మాత్రం ఊగుతున్నాయి. నాకు ఒక రకమైన గర్వం కలిగింది. జీతాలు పెంచే మనిషిని నేను ఒక బిల్లు కాగితంతో అలా ఊపగలిగాను.

అలా రెండేళ్ళలో ఎంతమందిని పట్టి ఇచ్చానో. భర్తతో విడిపోయి, అద్దె ఇంటి తాళం చెవి చేతికి వచ్చేదాకా నాలుగు రోజులు హోటల్లో ఉన్నావిడ. డిగ్రీలో ఒక సబ్జెక్టు ఇంకా మిగిలే ఉన్న టీమ్ లీడు. ఎవరి పేరూ పాటలో ఉండేది కాదు. ఉండాల్సిన అవసరమూ రాలేదు.

ఇక ఇంకొకాయన గురించి చెప్పాలి.

ఆయన మాన్యువళ్ళు రాసే టీములో ఉండేవాడు. జగిత్యాల వైపు మనిషి. నలభై దాటాయి, పెళ్ళి కాలేదు. ప్రగతి నగర్ చెరువు పక్కన ఒక గది అద్దెకు తీసుకుని, బస్సు మారి బస్సెక్కి వచ్చేవాడు. మాట్లాడేది తక్కువ. ఆయన ఆఫీసులో ఉన్నాడో లేడో పక్క సీటువాళ్ళకు కూడా తెలిసేది కాదు. కానీ హార్మోనియం, డోలక్ పాడే రోజున మాత్రం అందరికంటే ముందు వచ్చి మొదటి వరుసలో మధ్య కుర్చీలో కూర్చునేవాడు. డోలక్ నోరు తెరవకముందే ఆయన భుజాలు కదిలేవి. నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి తుడుచుకునేవాడు.

ఒకసారి ఆయనకు డెంగీ వచ్చింది. రెండు రోజులు రాకపోయినా ఎవరూ గమనించలేదు. మూడో రోజు ఒక మాన్యువల్ విషయమై ఫోన్ చేసిన డోలక్‌కు అవతల మాట తేడాగా వినిపించింది. వెంటనే బండి వేసుకుని ప్రగతి నగర్ వెళ్ళి, ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని, పడిపోకుండా తన నడుముకు కండువాతో కట్టుకుని దవాఖానకు తీసుకెళ్ళాడు. రెండు రోజులు అక్కడే ఉన్నాడు. ఇంటి నుంచి జావ తెప్పించాడు. ఈ సంగతి డోలక్ ఎవరికీ చెప్పలేదు. జబ్బు సెలవు కాగితం మీద సంతకం కోసం వచ్చినప్పుడు ఆయనే నాకు చెప్పాడు. “సొంత తమ్ముని లెక్క చూసిండు మేడం” అన్నాడు.

ఆ తరవాతి నెలలోనే గ్రూపు బీమా ఫారంలు కొత్తగా నింపించాల్సి వచ్చింది. అప్పట్లో కాగితం మీద రాయించుకుని నేనే కంప్యూటర్‌లో ఎక్కించేదాన్ని. ఆయన ఫారంలో నామినీ గడి దగ్గర వాళ్ళ అమ్మ పేరు కొట్టేసి ఉంది. పక్కన డోలక్ పేరు రాశాడు. సంబంధం అన్నచోట, గుండ్రటి అక్షరాలతో, ‘స్నేహితుడు’ అని ఉంది.

అది చూసి నాకు నవ్వొచ్చింది. ఎందుకు నవ్వొచ్చిందో ఇప్పుడు చెప్పలేను గానీ, వచ్చింది. ఇంత పెద్ద ఊళ్ళో పదమూడేళ్ళు ఉద్యోగం చేసి, చివరికి తన చావు అప్పగించడానికి ఈయనకు దొరికింది డోలక్ వాయించే మనిషా అనిపించింది. ఒంటిగంట ఎప్పుడవుతుందా అని చూసి, కెఫెటేరియాకు వెళ్ళి చెప్పేశాను.

హార్మోనియం చెంచా పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆపి, “అమ్మా! ఇది పద్యం కాదండీ, ఏకంగా నాటకం” అన్నాడు.

డోలక్ నవ్వలేదు. కంచంలో అన్నం కలుపుతూ కలుపుతూ ఆగాడు. “వద్దు భాయ్. గిది వద్దు. బాధపడతడు.”

“పేరు చెప్పం కదండీ” అన్నాడు హార్మోనియం.

“ఆ స్నేహితుడు నేనే అని లేస్తే ఆయన పేరెందుకు? అందరికీ ఎర్కైతది.”

అప్పుడు నేను అన్నాను. “బాధెందుకండీ? మీ పాటలకు అందరికంటే ముందు నవ్వేది ఆయనే. తన మీద పాట రావడం లేదని లోలోపల కుములుతున్నాడేమో.”

ఇది నేను సరదాకు అన్న మాట కాదు. పాట ఆగిపోతే ఆ కుర్చీలో నా విలువ తగ్గుతుందని భయపడి అన్న మాట. డోలక్ మళ్ళీ అన్నం కలుపుతూ, “మీరు చూసిన్రు కాబట్టి మీకే ఎర్క. సరే ఇగ” అన్నాడు.

వార్షికోత్సవం ఆఫీసుకు దగ్గర్లోనే ఒక పెద్ద హాల్లో పెట్టారు. ఉద్యోగులే కాక ఇళ్ళవాళ్ళు కూడా వచ్చారు. ఆయన ఎప్పటిలాగే మొదటి వరుస మధ్యలో, కొత్త నీలం చొక్కాతో ఉన్నాడు. నేను పక్క నడవాలో, తెర దగ్గర నిలబడ్డాను. అక్కడి నుంచి ఆయన మొహం బాగా కనిపిస్తుంది. అందుకే అక్కడ నిలబడ్డాను.

హార్మోనియం గొంతు సవరించుకుని ఎత్తుకున్నాడు.

“కంపెనీ ఇచ్చిన కాగితమందున గడి యొకటి ఖాళీగ నుండె...”

“సచ్చినంక నింపలేం, గిప్పుడే నింపాలె” అన్నాడు డోలక్.

“తల్లి పేరు రాయుదునా, తల్లి ముందే తరలిపోయె...”

“ఆమె తొందరపడ్డది.”

దెబ్బ. హాలు ఒక్కసారి ‘అయ్యో’ అన్నట్టు మూలిగి, ఆ మూలుగులోంచే నవ్వింది.

“ఆలి పేరు రాయుదునా, ఆలి అసలే రాకపోయె...”

“ఆమె తెలివిగల్లది.”

“గదిని పంచుకొనెడి పిల్లి గలదు, దాని పేరు రాయుదునా...”

“పిల్లికి ఆధార్ లేదు.”

ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పిల్లల్ని ఒళ్ళో పెట్టుకున్నవాళ్ళు పిల్లలతో సహా ఊగిపోతున్నారు. అప్పుడు హార్మోనియం చివరి చరణం అందుకుని, “ఇంత నగరమందు, ఇన్ని కోట్ల జనములందు, ఒక్క పేరు, ఒక్క పేరు దొరకదాయెనా...” అని ఆ ‘నా’ మీద ఎక్కినవాడు ఎంతసేపటికీ దిగడు. దిగి ఆగేసరికి డోలక్ ఏమీ అనలేదు. ఒళ్ళోని వాయిద్యం తీసి పక్కన పెట్టాడు. లేచాడు. రెండు చేతులూ జోడించి, నేరుగా మొదటి వరుస మధ్య కుర్చీ వైపు చూసి, “దొరికిన. నేనే” అన్నాడు. హాలు ఇంకా అర్థం చేసుకుంటూ ఉండగానే, “అన్నా, జల్దేం లేదు. నిమ్మళంగ పో” అన్నాడు.

అంత నవ్వు ఆ హాల్లో అంతకుముందు లేదు, తరవాతా లేదు. కుర్చీల్లోంచి లేచి మరీ నవ్వారు. వెనక వరుసలవాళ్ళు ఆ నీలం చొక్కా ఎవరిదో చూడటానికి మెడలు చాచారు. నేను ఆయన మొహమే చూస్తున్నాను. ముందు మామూలుగానే నవ్వాడు, పిల్లి దాకా. డోలక్ లేచి తనవైపు తిరిగినప్పుడు ఆ నవ్వు అలాగే ఉండిపోయింది. దాని వెనక నుంచి మనిషి మాత్రం వెళ్ళిపోయాడు. తరవాత చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు. అందరూ ఆపేశాక కూడా కొట్టాడు.

మర్నాడు పదిన్నరకు నా బల్ల దగ్గరికి వచ్చాడు.

“మేడం, బీమా ఫారం ఇంకోటి ఇస్తరా? పేరు మార్చాలె.”

ఇచ్చాను. కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే అన్నీ నింపాడు. నామినీ గడి దగ్గర పెన్ను ఆగింది.

“గిది ఖాళీగ ఇడిస్తే నడుస్తదా?”

“నడవదండీ. సిస్టమ్ తీసుకోదు.”

“నా పేరే రాసుకుంటే?”

“మీ పేరు ఎలా రాస్తారండీ? మీరు పోయాకే కదా...” అని నాలుక కరుచుకున్నాను.

“గదీ నిజమే” అని తల ఊపాడు. కాసేపు నా వెనక గోడ మీద క్యాలెండర్ చూశాడు. తరవాత, “మేడం, ఈ కాయితం నేను మీ చేతికే ఇచ్చిన గదా?” అన్నాడు.

“అవునండి.”

“మీరే కంప్యూటర్ల ఎక్కించిన్రు.”

“అవునండి.”

“మంచిది” అన్నాడు. కోపం లేదు. ఒక మాన్యువల్‌లో పేజీ నంబరు సరిచూసుకున్న మనిషిలా ఉన్నాడు. ఫారం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. “ఇంకొకళ్ళు లేరు మేడం. పాతదే ఉండనీయిన్రి. ఆయనకేం ఇబ్బంది లేదు గదా?”

“లేదండి” అన్నాను.

ఆయన వెళ్ళిపోయాక నాకు కలిగింది పశ్చాత్తాపం కాదు. హాయి. పైవాళ్ళకు ఫిర్యాదు చేస్తే ఆ రోజే నా ఉద్యోగం పోయేది. చెయ్యడని తేలిపోయింది. ఆ మధ్యాహ్నం ఆకలి వేసి రెండు చపాతీలు ఎక్కువ తిన్నాను.

ఎవరో ఆ పాటను ఫోన్‌లో తీశారు. వారం తిరిగేసరికి పక్క బిల్డింగులవాళ్ళ దగ్గర కూడా ఉంది. ఆయన పేరు పోయి ‘నామినీ’ అయింది. లిఫ్టులో “నామినీ అన్నా, నిమ్మళంగ పో” అనేవాళ్ళు. మొదట్లో తల దించుకునేవాడు. కొన్నాళ్ళకు చెయ్యి ఎత్తేవాడు. ఇంకొన్నాళ్ళకు, కొత్తగా చేరినవాళ్ళకు ఎవరైనా పరిచయం చేస్తుంటే, “ఆ పాటల ఉన్నది నేనే” అని తనే చెప్పేవాడు. పదమూడేళ్ళలో పుట్టినరోజు ఎప్పుడో ఎవరికీ తెలియని మనిషికి ఆ ఏడాది కేకు కోశారు. కేకు మీద పిల్లి బొమ్మ వేయించారు. ఆయన ఫోటో తీయించుకున్నాడు.

నేను చేసినదాంట్లో నాకే ఇప్పటికీ మింగుడు పడనిది ఒకటుంది. కొత్తవాళ్ళకు మొదటి రోజు ఫారంలు నింపించేటప్పుడు నామినీ గడి చాలామంది వదిలేసేవాళ్ళు. ఒకసారి నేను ఆ వీడియో తెర మీద వేశాను. అందరూ పడీపడీ నవ్వి, వెంటనే గడి నింపారు. ఫారంలు ఒక్కటీ తిరిగి రాలేదు. మా మేనేజరు మెచ్చుకుంది. ఆ రోజు నుంచి ప్రతి బ్యాచ్‌కూ వేశాను. ఆయన ఒకసారి ఆ గది తలుపు అద్దంలోంచి చూసి, లోపల తన తల వెనక వైపు తెర మీద కనిపిస్తుంటే, ఆగి చివరిదాకా చూసి వెళ్ళాడు.

కరోనా రోజుల్లో అందరూ ఇళ్ళకు పోయాక వాళ్ళిద్దరూ వీడియో కాల్‌లో పాడి చూశారు. కుదరలేదు. హార్మోనియం రాగం దిగిన అర సెకనుకు గానీ డోలక్ మాట వచ్చేది కాదు. అంత ఆలస్యమైతే ఎవరికీ నవ్వు రాదు. మళ్ళీ ఆఫీసులు తెరిచిన కొన్నాళ్ళకు మనుషుల్ని తగ్గించే జాబితా వచ్చింది. అందులో డోలక్ పేరుంది. ‘పని వేళలో వినోద కార్యక్రమాల మీద ధ్యాస’ అని కారణం రాసిన మనిషి మా డెలివరీ హెడ్ గారు. నాట్లు వేసిన మడి అప్పటికి మళ్ళీ బీడు పడింది.

ఆ మాట డోలక్‌కు చెప్పాల్సింది నేనే. చిన్న మీటింగ్ గది. నా ముందు కాగితం మీద చదవాల్సిన వాక్యాలు అచ్చు వేసి ఉన్నాయి. అందులో ఒక్క మాట మార్చకూడదని చెప్పారు. చదివాను. వాయించడానికి ఒళ్ళో ఏమీ లేని చేతుల్ని ఆయన మోకాళ్ళ మీద పెట్టుకుని విన్నాడు.

“రాగం బాలేదు మేడం” అన్నాడు.

నేను నవ్వలేదు, ఏడవనూ లేదు. అచ్చు కాగితంలో తరవాతి వాక్యం చదివాను.

“ఒకటి అడుగుత. నామినీ అన్న కాయితంల ఇంకా నా పేరే ఉన్నదా?”

అది చెప్పకూడదు. “ఉంది” అన్నాను.

“కంపెనీ తీసేసింది గని ఆయన తీయలే” అని లేచి, మెడలో కార్డు తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ ఏడాది వార్షికోత్సవంలో హార్మోనియం ఒక్కడే పాడాడు. రాగం అంతే బాగుంది. దిగి ఆగిన ప్రతిసారీ జవాబు కోసం అందరూ ఎదురుచూసేవాళ్ళు. అక్కడ ఎవరూ ఉండేవారు కాదు. రెండో చరణానికే పిల్లలు లేచి ఐస్‌క్రీమ్ వైపు వెళ్ళారు. మరో ఆరు నెలలకు ఆయనా వేరే కంపెనీకి మారిపోయాడు. ఇద్దరూ ఏ మాట మీద తేడా పడ్డారో నాకు తెలియదు. “వాడి మాట ఎత్తకండీ” అని మాత్రం హార్మోనియం నాతో ఒకసారి అన్నాడు. నేనూ ఆ ఉద్యోగం మానేశాను.

పోయిన శీతాకాలంలో పాతవాళ్ళ వాట్సాప్ గ్రూపువాళ్ళు కోకాపేటలో ఒక హాలు తీసుకుని ఆదివారం మధ్యాహ్నం కలిశారు. ఆ ఇద్దరినీ ఒప్పించి తీసుకొచ్చింది ఎవరంటే నామినీ. రెండు నెలలు ఇద్దరి ఇళ్ళ చుట్టూ తిరిగాడట. హార్మోనియానికి జుట్టు పూర్తిగా నెరిసింది. డోలక్ ఇప్పుడు అక్కడే ఒక టవరు కట్టేవాళ్ళ దగ్గర ఫ్లాట్లు చూపించే ఉద్యోగం చేస్తున్నాడు. వాళ్ళ తాత చేను ఉన్న చోటు ఇరవై రెండో అంతస్తు బాల్కనీ నుంచి చూపిస్తాడట, కొనేవాళ్ళు అడిగితే.

వాళ్ళు ఒకరినొకరు పలకరించుకోలేదు. పక్కపక్కన కూర్చున్నారు. హార్మోనియం పెట్టె తెరిచి ఒక స్వరం నొక్కాడు, అంతే, అన్నేళ్ళూ ఎక్కడికి పోయాయో తెలియదు. ఆయన రాగం వాలిన చోటుకు డోలక్ మాట సరిగ్గా వచ్చి పడింది. బట్టతలలు, కీళ్ళనొప్పులు, కాలేజీకి వెళ్ళే పిల్లలు ఉన్న మనుషులం, అందరం కడుపు పట్టుకుని నవ్వాం. ఎవరి మీద ఏ పాట ఉందో వాళ్ళే లేచి అడిగి పాడించుకున్నారు. హోటల్లో నాలుగు రోజులున్నావిడ తన రెండో భర్తను పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది. పాట లేనివాళ్ళు చిన్నబుచ్చుకుని కూర్చున్నారు.

చివరికి నామినీ పాట వచ్చింది. ఆయన మొదటి వరుస మధ్యలోనే ఉన్నాడు.

“తల్లి పేరు రాయుదునా, తల్లి ముందే తరలిపోయె...” హార్మోనియం ఎక్కాడు, దిగాడు, ఆగాడు.

డోలక్ నోరు తెరిచేలోగా ఆయనే కుర్చీలోంచి లేచి, వెనక్కి మా అందరివైపు తిరిగి, గట్టిగా, “ఆమె తొందరపడ్డది!” అన్నాడు.

హాలు పైకప్పు ఎగిరిపోయింది. డోలక్ చెయ్యి మాత్రం పైకి లేచి అక్కడే ఉండిపోయింది. ఆ దెబ్బ పడలేదు. ఎవరూ గమనించలేదు. మిగిలిన జవాబులన్నీ ఆయనే చెప్పాడు, ఆలిదీ, పిల్లిదీ. చివరకు “దొరికిన, నేనే” అనాల్సిన చోట డోలక్ లేవలేక లేచి, చేతులు జోడించి, నిమ్మళంగ పొమ్మనే మాట మింగేసి, “మంచిగుండు అన్నా” అన్నాడు. అది కొత్త జోకు అనుకుని అందరూ మళ్ళీ నవ్వారు. నామినీ మాత్రం మొహం చిట్లించాడు. “అసలుది అను అన్నా, అసలుది” అన్నాడు. డోలక్ అసలుదే అనాల్సి వచ్చింది.

అప్పుడు నామినీ నన్ను చూశాడు. “పాపం, మేడం మీద ఒక్క పాట లేదు. ఒకటి పాడుండ్రి అన్నా!” అన్నాడు. నిజంగా జాలిపడే అన్నాడు, ఆ గొంతులో ఏ మెలికా లేదు. చుట్టూ ఉన్నవాళ్ళు “మేడం! మేడం!” అని అందుకున్నారు. హార్మోనియం వేళ్ళు మెట్ల మీద పెట్టి తీసేశాడు. మైకులో డోలక్, “మేడం మీద పాట లేదు” అన్నాడు. దానికీ నవ్వారు.

భోజనాలప్పుడు చేతులు కడుక్కునే చోట డోలక్ ఒక్కడే దొరికాడు. “ఎందుకు లేదండీ నా మీద?” అని అడిగాను. నవ్వుతూనే అడిగాను.

ఆయన కొళాయి కట్టేసి, చేతులు విదిలించుకుని, నావైపు చూశాడు. ఎప్పుడూ మీరు అనే మనిషి.

“నీ మీద ఏం పాడాలె మేడం? మందివి కాయితాలు చదివి మాకు తెచ్చి చెప్పినవు. మేం పాడినం. నువ్వు పక్కపొంటి నిలబడి వాళ్ళ మొఖాలు చూసినవు. గది పాడితే ఎవరు నవ్వుతరు?”

ఆయన కాగితం రుమాలు ఒకటి తీసుకుని, ఇంకొకటి నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు. వెళ్ళిపోదామని బ్యాగు తీసుకుని లిఫ్టు దాకా వచ్చాను. లోపల మళ్ళీ హార్మోనియం ఎత్తుకున్నాడు. ఎవరి మీదో గుర్తు రాలేదు, విందామని వెనక్కి వెళ్ళి చివరి వరుసలో కూర్చున్నాను. అది డిగ్రీలో సబ్జెక్టు మిగిలిపోయిన టీమ్ లీడు పాట. ఆయన పోయి రెండేళ్ళయిందట, పక్కావిడ చెవిలో చెప్పింది. పాట మాత్రం చాలా బాగుంది. ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. నాలుగున్నరకు హాలు ఖాళీ చెయ్యాలన్నారు కాబట్టి ఇంకో రెండే పాడారు.